స్థానం: బయట

నాకు అనుమానం ఎక్కువ. పాలు మరీ తెల్లగా ఉంటే సున్నం కలిపారేమో అనుకునే రకాన్ని. ఎవరైనా నన్ను చూసి ఊరికే నవ్వితే, నా వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూస్తాను. రికార్డుల ఆఫీసులో ఈ గుణం పనికొస్తుంది. తేదీ ఒక సిరాలో, సంతకం ఇంకో సిరాలో ఉంటే నా ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది. ఇంట్లో మాత్రం ఈ గుణాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒకరికొకరు అన్నదమ్ములమంటూ తలుపులు మూసుకుని సమావేశమయ్యే సోదర సంఘం వాళ్ళు తమ కాగితాలన్నీ మా ఆఫీసుకి అప్పగిస్తామని రాసినప్పుడు, ఆ పని నాకే ఇమ్మని అడిగి మరీ తీసుకున్నాను. మా నాన్న ఆ సంఘంలో ఉండేవాడని మా అధికారికి చెప్పలేదు. సొంతవాళ్ళ కాగితాలు సొంతవాళ్ళు సర్దకూడదని మా దగ్గర నియమం. మంచి నియమమే. ఇంకొకరు తప్పితే నేనే వెళ్ళి పితూరీ చెప్పేదాన్ని.

మా నాన్న దర్జీ. మిల్లు వెనక వీధిలో చిన్న కొట్టు ఉండేది. నేను ఇంకా పలకా బలపం వయసులో ఉండగా, మిషను మీద కుడుతూ కుడుతూనే గుండె ఆగి పోయాడు. సంఘంలో ఒకడు పోతే మిగతావాళ్ళంతా చేతికి నల్లపట్టీ కట్టుకుని ఆ ఇంటికొచ్చి, మోయడానికి భుజం ఇస్తారు. అది ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అమ్మ ఇరుగుపొరుగు ఇళ్ళలోంచి కుర్చీలు తెప్పించి వాకిట్లో వరసగా వేయించింది. పొద్దు వాలేదాకా వీధి చివరికే చూస్తూ కూర్చుంది. ఒక్కడూ రాలేదు. కుర్చీలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాం.

మిల్లు యజమానికి సంఘం అంటే గిట్టదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మిల్లులో సంఘం మనుషులు కొందరికి ఉద్యోగాలు పోయాయి. ఎవరో లోపలివాడే యజమానికి పేర్లు అందించాడని గుసగుసలు. ఇక మా వీధి ఊరుకుంటుందా! దర్జీ చావుకి సోదరులు ఎందుకు రాలేదు? పేర్లు అందించినవాడు దర్జీయే గనక. నిప్పు లేనిదే పొగ రాదు గనక. మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాన్న జేబులో దొరికిన సంఘం కార్డు చూసి ఇంకోమాట చేర్చాడు. "బావని వాళ్ళు ఎప్పుడో బయట పెట్టేశారక్కా. ఇదిగో, రాసే ఉంది." ఆ కార్డు నేనూ చూశాను. నాన్న పేరు కింద 'స్థానం: బయట' అని చక్కటి అక్షరాల్లో ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అప్పట్నించీ మా ఇంట్లో నాన్న మాట ఎత్తరు. అమ్మ ఆయన ఫొటోని పెట్టె అడుక్కి తోసేసింది. ఎవరైనా మీ ఆయన ఏం చేసేవారని అడిగితే, "పోయారు" అని ఇంకో మాట మాట్లాడేది. నాకు తేలాల్సింది ఒకటే. తనని అన్నా తమ్ముడా అని పిలిచినవాళ్ళని మా నాన్న అమ్మేశాడా, లేదా? అది అమ్మ బతికుండగా తేలాలి. ఈమధ్య ఆమె మెట్లెక్కితే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది.

సంఘం గది మిల్లు గేటుకి ఎదురుగా, గొడుగులు బాగుచేసే కొట్టు పైన ఉంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. పైన తలుపు బయట నున్నగా అరిగిపోయిన చెక్క కుర్చీ ఒకటి. దాని మీదే రోజూ నా సంచీ, గొడుగూ పెట్టేదాన్ని. లోపల పొడుగాటి బల్ల, రెండు బీరువాలు, ఎండకి రంగు వెలిసిన పరదాలు. మిగిలిన సభ్యులు వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమంది. వాళ్ళలో సగంమంది ఇప్పుడు ఆ మెట్లు ఎక్కలేరు. అందుకే మూసేస్తున్నారు.

నాకు తాళాలిచ్చింది కార్యదర్శి. బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి, ఎనభై దాటాయి. మొదటిరోజే నన్ను టిక్కెట్టు లేకుండా ఎక్కినదాన్ని చూసినట్టు చూశాడు.

"మీ నాన్నగారేం చేస్తారు?" అన్నాడు.

"లేరు," అన్నాను.

"అమ్మగారు?"

"కార్యదర్శిగారూ, ఇందులో దుమ్ము దులపడానికి నా వంశవృక్షం అవసరమా?"

ఆయన నాకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజునుంచి అదే వరస. నేను మెత్తటి బ్రష్షుతో పేజీలు దులుపుతాను, తుప్పుపట్టిన గుండుసూదులు తీసి డబ్బాలో వేస్తాను, కట్టకి నూలు టేపు కట్టి పెన్సిలుతో అంకె వేస్తాను. ఆయన నా చేతులకేసి చూస్తుంటాడు. నేను ఒక కాగితం ఎక్కువసేపు చదివితే దగ్గుతాడు. ఆయన కాళ్ళ కింద ఒక రేకుపెట్టె ఉంటుంది. మూత్రానికి వెళ్ళినా దాన్ని వెంట మోసుకెళ్ళేవాడు. ఇంత ముసలాయన అంత బరువు మోస్తుంటే అందులో ఏముందోనని ఎవరికి అనిపించదు? నాకైతే ఆ పెట్టె తప్ప ఇంకేం కనిపించడం మానేసింది.

అప్పుడప్పుడు ఇంకో సభ్యుడు వచ్చేవాడు, బీరువాలు జరపడానికి. కుళాయిలు బాగుచేసే ప్లంబరు. కార్యదర్శి కంటే కనీసం పదేళ్ళు చిన్నవాడు, కానీ కార్యదర్శి ఆయన్ని "అన్నయ్యా, కాస్త ఆ చివర పట్టుకో" అని పిలుస్తాడు. ప్లంబరు కూడా ఏమాత్రం మొహమాటం లేకుండా, "అలాగేరా తమ్ముడూ" అంటాడు. ఇదేం విడ్డూరమని అడిగాను.

"సంఘంలో ముందు చేరినవాడు అన్న. నేను వీడికంటే వారం ముందు చేరాను," అన్నాడు ప్లంబరు గర్వంగా.

"వారం కాదు, ఆరు రోజులు," అన్నాడు కార్యదర్శి.

ఆ తగాదా వాళ్ళిద్దరికీ యవ్వనం నుంచీ ఉన్నట్టుంది. నాకు నవ్వు వచ్చింది గానీ బయటపడలేదు. నవ్వితే మనవాళ్ళయిపోతారు. అనుమానితులతో చనువు మంచిది కాదు.

హాజరు పుస్తకాలు మూడో వారంలో నా చేతికొచ్చాయి. పాతవి వానకి తడిసి అట్టలు కట్టి, విప్పితే ముక్కలయ్యేలా ఉన్నాయి. నాన్న ఉన్న రోజులవి మాత్రం బాగున్నాయి. ప్రతి సమావేశానికీ ఒక పేజీ. పైన 'లోపల' అని రాసి, కింద పేర్ల వరస. పేజీ అడుగున 'బయట' అని రాసి ఒకే ఒక్క పేరు. మా నాన్నది. ఇంకో పేజీ తిప్పాను. లోపల అందరూ, బయట నాన్న. ఇంకోటి. అదే. ఏళ్ళ తరబడి ప్రతి నెలా అదే.

నాకు ఒళ్ళు మండిపోయింది. బళ్ళో అల్లరిపిల్లాణ్ణి నిలబెట్టినట్టు ఒక పెద్దమనిషిని ప్రతిసారీ గుమ్మం అవతల నిలబెట్టారన్నమాట. పైగా దాన్ని పుస్తకంలో ఎక్కించారు. వాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో అంతకు రెండింతలు నాన్న మీద వచ్చింది. అంత అవమానం చేస్తుంటే మళ్ళీ ఎందుకు వెళ్ళావు నాన్నా, సిగ్గనిపించలేదా? ఏం చేసి ఉంటే అలా నిలబెడతారు? చూసింది రాయి, అనుకున్నది రాయకు అని మా ఆఫీసులో కొత్తవాళ్ళకి నేనే పాఠం చెబుతాను. ఆ పూట నేను చూసింది తక్కువ, అనుకున్నది ఎక్కువ.

నాన్న పోయిన నెల దగ్గరికి వచ్చాను. ఆ పేజీ లేదు. చింపలేదు, బ్లేడుతో కుట్టు పక్కగా నీటుగా కోశారు.

"ఇక్కడ ఒక పేజీ పోయింది," అన్నాను తల ఎత్తకుండా.

కార్యదర్శి దగ్గాడు. "పాత పుస్తకాలు కదమ్మా."

"పాత పుస్తకాలు పళ్ళు ఊడినట్టు రాలతాయి. బ్లేడుతో కోసుకోవు."

"కొన్ని మీ ఆఫీసు కోసం కావు," అని ఆయన రేకుపెట్టెని మడమతో కుర్చీ కిందికి ఇంకాస్త నెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది నా కళ్ళెదుటే జరిగింది. ఇక నాకు సందేహం లేదు. వీళ్ళేదో చేశారు, లేదా నాన్న చేసినదాన్ని వీళ్ళు దాచారు. ఎటు చూసినా నాన్నకి మంచి జరిగే దారి కనిపించలేదు.

మర్నాడు కింద గొడుగుల కొట్టతను ఏదో రసీదు కోసం కేకేశాడు. కార్యదర్శి లేవబోయి, పెట్టె వైపు చూసి, మెట్ల వైపు చూసి, మోకాలు పట్టుకున్నాడు. ఆ రోజు ఆయన మోకాలు బాగా లేదు. పెట్టె వదిలి వెళ్ళాడు. ఆయన రెండో మెట్టు దిగే లోపు పెట్టె నా ఒళ్ళో ఉంది. గవర్నమెంటు ఉద్యోగిని, పాతికేళ్ళ సర్వీసు, దొంగతనంగా పెట్టె తెరుస్తున్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్న ఆలోచన కూడా రాలేదు.

లోపల నల్లపట్టీల కట్ట ఒకటి ఉంది. చేతికి కట్టుకునేవి. వాటి కింద ఆ పేజీ. 'లోపల' కింద పేర్లన్నీ ఉన్నాయి. ఒక్కడు కూడా తప్పిపోలేదు. 'బయట' దగ్గర ఖాళీ. పేజీ అడుగున ఒకే మాట: 'పిలుపు రాలేదు.'

రెండుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పటికి కార్యదర్శి గుమ్మంలో ఉన్నాడు, ఆయన వెనక ప్లంబరు.

"పిలుపు రాలేదా?" అన్నాను. "పెళ్ళికి పిలిస్తే వెళ్తారు, చావుకి పిలవకపోయినా వెళ్తారు. ఇంత మాత్రం తెలీదా మీకు? శవం దగ్గర కూర్చున్న మనిషి లేచొచ్చి బొట్టు పెట్టి పిలవాలా? మా అమ్మ మీ కోసం కుర్చీలు వేసుకుని కూర్చుంది. ఇంత అవమానం ఏం చేశాడని? ఏం చేశాడో చెప్పండి, నేను భరిస్తాను."

కార్యదర్శి ఏమీ ఆశ్చర్యపోలేదు. మెల్లగా వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"దర్జీ కూతురివని నాకు మొదటిరోజే తెలుసు," అన్నాడు.

"ఎలా?"

"టేపు పళ్ళతో తెంపుతావు. కత్తెర నీ పక్కనే ఉంటుంది. మీ నాన్న మెళ్ళో కత్తెర వేలాడుతుండగా దారం పళ్ళతో తెంపేవాడు. తండ్రి పేరు దాచుకుని వచ్చావు కాబట్టి, మా మీద కక్షతో కాగితాలు తగలెట్టడానికొచ్చావేమో అనుకున్నాను. అందుకే కాపలా కూర్చున్నా."

నేను ఆయన మీద కాపలా, ఆయన నా మీద కాపలా. ఇద్దరం ఒకే గదిలో ఇన్నాళ్ళు ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ గడిపాం.

"ఆయన ఏం చేశాడో చెప్పండి," అన్నాను మళ్ళీ.

"ఏం చేశాడంటావేంటమ్మా? బయట కూర్చున్నాడు." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు రోజూ గొడుగు పెడతావే, ఆ కుర్చీలో. లోపల సమావేశం జరిగినంతసేపూ తలుపు బయట మా మనిషి ఒకడు ఉండాలి. వచ్చినవాడు మనవాడా కాదా చూడాలి, లోపలి మాట బయటికి పోకుండా చూడాలి. అందరికంటే నమ్మకమైనవాణ్ణి బయట కూర్చోబెడతాం. ఆ పదవి పేరే బయట. మీ నాన్న ఉన్నంతకాలం ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడదామని ఎవడూ అనలేదు."

నేను ఆ కుర్చీ వైపు చూశాను. నా తడి గొడుగు దాని మీదే ఉంది. లేచి వెళ్ళి గొడుగు తీసేశాను. ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ళు మా ఇల్లంతా తలదించుకుని తిరిగింది ఒక్క మాటకి అర్థం తెలియకనా? కానీ అనుమానం అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు.

"అంత నమ్మకస్తుడైతే చావుకి ఎందుకు రాలేదు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్లంబరు కూర్చున్నాడు.

"ఒకసారి ఎవడో ఆకతాయి ఫలానా ఆయన పోయాడని చెబితే అందరం నల్లపట్టీలు కట్టుకుని ఆయన ఇంటికెళ్ళాం," అన్నాడు కార్యదర్శి. "ఆయన భోజనం చేస్తున్నాడు. ఆయన భార్య మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో మోగుతున్నాయి. అప్పుడు నియమం పెట్టుకున్నాం. చావు కబురు ఆ కుర్చీలో కూర్చునే బయటివాడే తేవాలి. ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి, తమ్ముడు వెళ్ళాడు, రండి అనాలి. ఆ పిలుపు లేకుండా ఎవడూ కదలకూడదు."

"మరి ఆ బయటివాడే పోతే?"

"నియమం రాసినవాడు ఆ సంగతి ఆలోచించలేదమ్మా."

నేను మళ్ళీ ఆ పేజీకేసి చూశాను.

"కబురు అందరికీ తెలిసింది. ఊరంతా తెలిసింది," అన్నాడు. "పట్టీలు కట్టుకుని ఇక్కడికొచ్చి కూర్చున్నాం. పిలవాల్సినవాడు లేడు. ఇంకొకణ్ణి ఎన్నుకుందామంటే సమావేశం పెట్టాలి. బయట మనిషి కూర్చోందే సమావేశం మొదలవదు. సమావేశం కాందే మనిషి లేడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే తగువు. కొట్టుకున్నంత పనైంది. ఒక్కడికైనా, నియమం గాడిద గుడ్డు, పదండి పోదాం అనే దమ్ము లేకపోయింది. నాక్కూడా. అందుకే ఆ పేజీ కోసి దాచాను. అది పదిమంది చదవాల్సిన కాగితం కాదు. మా తెలివితక్కువతనం."

"అంతేనా? చేతులు ముడుచుకు కూర్చున్నారా?"

"లేదు. ఇంటివాళ్ళలో ఒకరొచ్చి పిలిచినా చాలనుకున్నాం. అది నియమంలో లేదు గానీ, కాదనడానికీ లేదు. అందుకని అన్నయ్యని మీ వీధికి పంపాం."

ప్లంబరు గొంతు సవరించుకున్నాడు. "నేను మీ ఇంటి దాకా వచ్చానమ్మా. వాకిట్లో కుర్చీలు చూశాను. గేటు దగ్గర ఒకాయన ఎదురొచ్చాడు, చెవి మీద పెన్సిలు. సంఘం నుంచి వచ్చాను, ఇంట్లోంచి ఒక్కరు వచ్చి తలుపు కొడితే అందరం వస్తాం అని చెప్పాను. ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి, 'వచ్చిన దారి గుర్తుందా, నేను చూపించనా?' అన్నాడు. మళ్ళీ ఈ వాకిట్లో కనిపిస్తే కాళ్ళు విరిచి చేతికిస్తానన్నాడు. ఇంటివాళ్ళకి ఇష్టం లేదు కాబోలని వచ్చేశాను."

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. బాకీ అడగడానికి వచ్చినవాడైనా, మతం మార్చడానికి వచ్చినవాడైనా, నన్ను పెళ్ళిచూపులు చూసి వంకలు పెట్టినవాడైనా మా గేటు దగ్గర విన్నది ఆ మాటే. మా మామయ్య వడ్రంగి. నిద్రలో కూడా ఆయన చెవి మీద పెన్సిలు ఉంటుంది.

లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగాను. "మిల్లులో పేర్లు ఎవరు అందించారు?"

"ఎవరు అందించాలి?" అన్నాడు కార్యదర్శి. "మిల్లు గేటుకి ఎదురుగా మా మెట్లు. నెలనెలా ఒకే రోజున ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వరసగా ఎక్కేవాళ్ళం. మిల్లు మేస్త్రీ కింద గొడుగుల కొట్లో కూర్చుని తీరిగ్గా రాసుకున్నాడు. వారం తిరక్కుండా మాకు తెలిసిపోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుండేది మా రహస్యం."

"వారంలో తెలిస్తే మా ఇంటికొచ్చి చెప్పలేదేం? మా వీధంతా మా నాన్నే అంది!"

ఆయన చెయ్యి బల్ల మీంచి జారింది. "మీ నాన్ననా?" అన్నాడు. "మీ నాన్ననన్నారా?" వాళ్ళిద్దరూ ఆ మాట వినడం అదే మొదటిసారి. ప్లంబరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ ముఖాలు చూశాక ఇక నాకు అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. నా జీవితంలో నేను ఒకరి మాట పూర్తిగా నమ్మింది అప్పుడే.

ఇంటికి నడిచే దారంతా మింగలేక కక్కలేక నడిచాను. మామయ్య చెడ్డవాడైతే ఎంత బాగుండేది! నాన్న పోయాక మా ఇల్లు నిలబడింది ఆయన భుజం మీద. నేను చదువుకున్న బల్ల ఆయన చేసిందే. నాకు జ్వరమొస్తే మంచం పక్కన కింద పడుకునేవాడు. అమ్మకి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క పుట్టింటి మనిషి. చెబితే అమ్మకి ఆ తమ్ముడు పోతాడు. చెప్పకపోతే నాన్న ద్రోహిగానే ఉండిపోతాడు. చచ్చినవాడు ఇంకొన్నాళ్ళు ఆగగలడు, బతికున్నవాడి పరువు ఎందుకు తీయాలి అని కూడా అనుకున్నాను. మళ్ళీ అమ్మ మెట్ల మధ్యలో ఆగడం గుర్తొచ్చింది.

నేను వెళ్ళేసరికి అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మామయ్య రోజూలాగే వచ్చి, పేపరు బిగ్గరగా చదువుతూ మధ్యమధ్యలో అది రాసినవాణ్ణి తిడుతున్నాడు.

"ఏమే, ముఖం అలా ఉందేం?" అంది అమ్మ.

"అమ్మా, నాన్న ఎవరి పేర్లూ ఇవ్వలేదు," అన్నాను. కూర్చోకుండానే అంతా చెప్పాను. కుర్చీ గురించి, బయట అనే పదవి గురించి, మేస్త్రీ గురించి, నియమం గురించి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాళ్ళు పట్టీలు కట్టుకుని కూర్చోవడం గురించి. ప్లంబరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అది నా నోటితో చెప్పలేకపోయాను.

అమ్మ చేతిలో తువ్వాలు సగం మడతలో ఉంది. "అలా కూర్చునే ఉన్నారా? మన ఇంటికి ఒక్క మనిషిని పంపలేకపోయారా?" అంది.

నేను మామయ్య వైపు చూశాను. ఆయన పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"పంపారక్కా," అన్నాడు.

అమ్మ ఆయన వైపు తిరిగింది.

"కార్డు చూశాను కదా. బతికుండగా బావని బయటికి నెట్టి, పోయాక పట్టీలు కట్టుకుని నాటకమాడ్డానికి వస్తున్నారనుకున్నా. రక్తం మరిగిపోయింది. తరిమేశాను. నువ్వప్పుడు లోపల బావ దగ్గరున్నావు. బయటికొచ్చి, ఎవరైనా వచ్చారా అని అడిగావు. ఎవరూ రాలేదన్నాను. నీ మంచికే అనుకున్నానక్కా. ఆ తర్వాత వీధిలో ఆ మాట పుట్టింది. అప్పుడు చెబుదామంటే నోరు పెగల్లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ముసలాణ్ణయిపోయాను."

పెన్సిలు చెవి మీంచి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన అంత చిన్నగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ జాలి దానికంటే ముందు వచ్చి కూర్చుంది.

అమ్మ తువ్వాలు పక్కన పెట్టింది.

"వాళ్ళు రాకపోతే పోయార్రా," అంది. "మోయడానికి నలుగురు దొరికారు, మోశారు. అది కాదు. నేను ఏడవలేదు. అందరూ నాకు కళ్ళు ఎండిపోయాయన్నారు, దుఃఖం గడ్డకట్టిందన్నారు. ఏమీ కాదు. కుర్చీలు ఖాళీగా ఉండటం చూసి, ఎంత పని చేశావయ్యా, నన్నూ నా పిల్లనీ ఈ ఊళ్ళో తలెత్తుకోకుండా చేశావు కదయ్యా అని ఆయన పక్కనే కూర్చుని తిట్టుకున్నాను. అంత మంచి మనిషిని. ఇన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకుంటున్న మనిషి కోసం ఏడుపు ఎలా వస్తుంది?"

మామయ్య లేచి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "నన్ను తిట్టక్కా. కొట్టు. నీ ఇష్టం వచ్చింది చెయ్యి."

"నీ సంగతి తర్వాత," అంది అమ్మ. ఆయన తల మీద చెయ్యి వెయ్యలేదు, పక్కకి నెట్టనూ లేదు. "నిన్ను తిట్టడానికి చాలా టైముంది. ముందు నన్ను ఆయన కోసం ఏడవనీ."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పక్కింటివాళ్ళు కిటికీ తెరిచేంత గట్టిగా, మా అమ్మ మా నాన్న కోసం ఏడ్చింది.